కిలిమంజారోకి ఉంబ్వే దారి: వెళ్ళు తమ్ముడూ, కానీ 6 రోజుల్లో వద్దు

నువ్వు అడిగింది ఇది కదా: నువ్వూ మీ బాబాయి వాళ్ళ అబ్బాయీ జనవరిలో టాంజానియాలోని కిలిమంజారో వెళ్దామనుకుంటున్నారు, మచామే రూట్ లో జాతరలా జనం ఉంటారని విన్నారు, ఉంబ్వే రూట్ అయితే ఖాళీగా ఉంటుంది, దూరం తక్కువ, 6 రోజుల్లో అయిపోతుంది, రేటు కూడా తక్కువ అని ఆపరేటర్ చెప్పాడు. ఇద్దరూ హాఫ్ మారథాన్ చేశారు, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్ ఎక్కారు. ఆఫీసులో లీవ్ తొమ్మిది రోజులే. వెళ్ళొచ్చా అని.

నేను ఉంబ్వే రెండుసార్లు వెళ్ళా. ఒకసారి పైదాకా వెళ్ళలేకపోయా, ఒకసారి వెళ్ళా. ఆ రెండింటికీ మధ్య నా ఫిట్‌నెస్ లో పెద్ద తేడా ఏం లేదు, తేడా ఒక్క రోజు. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదువు.

ముందు ఆ దారి ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే అది నిజంగా చాలా అందమైన దారి, నిన్ను భయపెట్టి ఆపేయాలని నాకు లేదు. గేట్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదట ఒక గంటా రెండు గంటలు మామూలు అడవి బాటే, తడిగా ఉక్కగా ఉంటుంది, మన దగ్గర వానాకాలంలో అనంతగిరి అడవిలో నడిచినట్టు, కాకపోతే చెట్లు అంతకు నాలుగింతలు. తర్వాత దారి ఒక సన్నటి గట్టు మీదకి ఎక్కుతుంది, రెండు పక్కలా లోయలే, ఇక అక్కడ్నించి వంకర్లు తిప్పడం అనేది ఉండదు, నేరుగా పైకే. చెట్ల వేళ్ళే మెట్లు. కొన్ని చోట్ల వేళ్ళు చేత్తో పట్టుకుని శరీరాన్ని పైకి లాక్కోవాలి, వాన పడితే ఆ వేళ్ళు సబ్బు రాసినట్టు జారతాయి. కొమ్మల నుంచి బూడిద రంగు నాచు ముసలాయన గడ్డంలా వేలాడుతూ ఉంటుంది, పొగమంచు అందులోంచి కదులుతుంటే మాట్లాడాలనిపించదు. ఆ రోజంతా మాకు మా టీమ్ తప్ప ఇంకో మనిషి కనపడలేదు. సాయంత్రానికి 2,900 మీటర్ల దగ్గర ఉంబ్వే కేవ్ క్యాంప్. కిలిమంజారో మీద రాత్రిపూట నిశ్శబ్దం వినాలంటే ఆ క్యాంప్ లోనే వినాలి.

రెండో రోజు గట్టు ఇంకా సన్నబడుతుంది, పెద్ద చెట్లు పోయి పొదలు వస్తాయి, మబ్బుల మీదకి తేలతావు, ఎదురుగా కిబో, అంటే కిలిమంజారో పైభాగం, ఒక్కసారిగా మొత్తం కనిపిస్తుంది. తర్వాత ఆ వింత సెనేషియో చెట్లు, మనిషి కంటే ఎత్తు, మాను మీద క్యాబేజీ పెట్టినట్టు ఉంటాయి, ఆ జాతి ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా పెరగదు. మధ్యాహ్నానికల్లా బరాంకో క్యాంప్, 3,960 మీటర్లు.

ఇక్కడే నీకు ఎవరూ చెప్పని విషయం ఉంది. బరాంకో దగ్గర మచామే వాళ్ళు, లెమోషో అనే ఇంకో రూట్ వాళ్ళు అందరూ కలుస్తారు. అక్కడ్నించి పైకి వెళ్ళే దారి అందరికీ ఒకటే. అంటే ఉంబ్వే లో ఏకాంతం రెండు రోజులే, మూడో రోజు నుంచి నువ్వు తప్పించుకోవాలనుకున్న ఆ జనంలోనే నడుస్తావు, క్యాంప్ దాటగానే వచ్చే నిటారు రాతి కొండ, బరాంకో గోడ, ఎక్కేటప్పుడు క్యూ లో కూడా నిలబడతావు. ఆ రెండు రోజుల కోసం వెళ్ళడం తప్పు కాదు, నా మటుకు ఆ రెండు రోజులే నా మొత్తం ట్రిప్‌లో బెస్ట్. కానీ కొండ మొత్తం ఖాళీగా ఉంటుందని అనుకుని వెళ్తే మాత్రం నిరాశే.

ఇప్పుడు ఆ 6 రోజుల సంగతి. ఆ ప్లాన్ ఇలా ఉంటుంది: నాలుగు రాత్రులు వరసగా ఉంబ్వే కేవ్, బరాంకో, కరంగా, బరాఫు క్యాంప్‌లు, అయిదో రోజు శిఖరం ఎక్కి మ్వెకా క్యాంప్‌కి దిగడం, ఆరో రోజు గేట్. పేపర్ మీద బాగానే కనపడుతుంది. మచామే 7 రోజుల ప్లాన్ పక్కన పెట్టి చూడు. వాళ్ళు కూడా రెండో రాత్రి షిరా క్యాంప్‌లో దాదాపు 3,800 దగ్గరే పడుకుంటారు, కాబట్టి అక్కడిదాకా పెద్ద తేడా లేదు. తేడా మూడో రోజు. వాళ్ళు ఆ రోజు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కి, అక్కడ భోంచేసి, మళ్ళీ బరాంకోకి 3,960కి దిగి పడుకుంటారు. పైకెక్కి కిందకి దిగి పడుకోవడం, అదే శరీరానికి ఎత్తు అలవాటు చేసే రోజు. ఉంబ్వే 6 రోజుల ప్లాన్ లో ఆ రోజు మొత్తం ఎగిరిపోతుంది. డాక్టర్లు చెప్పే లెక్క ఏంటంటే 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రాత్రి అదే ఎత్తులో ఆగాలి. ఉంబ్వే లో ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పైన పెరుగుతుంది, ఆపైన లావా టవర్ లాంటి ఎక్కి దిగే రోజు కూడా లేదు.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ అనుకుంటారు చాలామంది, శాతం అదే 21, పీడనం తగ్గుతుంది. కిలిమంజారో కొన, 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సగమే. బ్యాగ్‌లో చిప్స్ ప్యాకెట్ పెట్టుకెళ్ళు, క్యాంప్ మారిన కొద్దీ అది బెలూన్‌లా ఉబ్బుతుంటే నీకే అర్థమవుతుంది. మనం 540 మీటర్ల దగ్గర హైదరాబాద్‌లో బతికే వాళ్ళం, ఆ గాలికి తగ్గట్టు శరీరం మారడానికి రోజులు కావాలి, దానికి బలం, పట్టుదల ఏవీ బదులు రావు.

నా సంగతి చెప్తా. మొదటిసారి ముగ్గురం వెళ్ళాం, ఇదే 6 రోజుల ప్లాన్, అప్పట్లో నేను వారానికి నలభై కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి. రెండో రాత్రి బరాంకోలో తలనొప్పి మొదలైంది, నీళ్ళు తక్కువ తాగా అనుకున్నా. కరంగాలో అన్నం సహించలేదు. బరాఫులో మాలో ఒకడికి వాంతులు, వాడు అక్కడే ఆగిపోయాడు. నేను అర్ధరాత్రి బయల్దేరా. 5,300 దగ్గర అనుకుంటా, కాళ్ళు నేను పెట్టిన చోట పడటం లేదు, చలికి అనుకున్నా, గైడ్ ఆపి హెడ్‌ల్యాంప్ వెలుగులో నేల మీద కర్రతో గీత గీసి, మడమకి బొటనవేలు తగిలేలా దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకి తూలా. ఇంకో మాట లేదు, చెయ్యి పట్టుకుని కిందకి దింపేశాడు. నేను వాదించా, ఏడ్చా కూడా, డబ్బులు కట్టా కదా అన్నా. ఆయన పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి మ్వెకా క్యాంప్ చేరాం, 3,100 మీటర్లు, అక్కడ నేను రెండు ప్లేట్ల అన్నం తిని మామూలుగా తిరుగుతున్నా, ఏమీ జరగనట్టు. మెదడు వాపు మొదలయ్యేటప్పుడు వచ్చే మొదటి గుర్తే ఆ తూలడం అని తర్వాత డాక్టర్ చెప్పాక గానీ ఆ గైడ్ నాకు ఏం చేశాడో తెలియలేదు.

మూడేళ్ళ తర్వాత అదే దారిలో మళ్ళీ వెళ్ళా, ఈసారి 7 రోజులు. నీకు చెప్పేది కూడా ఇదే ప్లాన్: మొదటి రాత్రి ఉంబ్వే కేవ్, రెండో రాత్రి బరాంకో, మూడో రోజు టెంట్లు అక్కడే ఉంచేసి ఖాళీ బ్యాగ్‌తో లావా టవర్ దాకా ఎక్కి, పైన గంటసేపు కూర్చుని, మళ్ళీ బరాంకోకే వచ్చి పడుకోవడం. నాలుగో రాత్రి కరంగా, అయిదు బరాఫు, ఆరో రోజు శిఖరం, ఏడో రోజు కిందకి. అంతే, ఒక్క రోజు ఎక్కువ. ఈసారి బరాంకోలో తలనొప్పి వచ్చింది కానీ మూడో రోజు సాయంత్రానికి పోయింది, బరాఫులో ఆకలేసింది. ఆకలేయడం అంటే శరీరం దారిలోకి వచ్చినట్టే. పొద్దున ఏడింటికి ఉహురు మీద ఉన్నా.

బరాంకో గోడ గురించి వీడియోలు చూసి భయపడుతుంటారు, 250 మీటర్ల పైచిలుకు ఎత్తు, చేతులు వాడాలి, కానీ తాళ్ళు అక్కర్లేదు, గంటన్నర రెండు గంటల్లో అయిపోతుంది. ఉంబ్వే వేళ్ళ మీద ఎక్కి వచ్చిన వాళ్ళకి అది లెక్కే కాదు. శిఖరం రాత్రి మాత్రం లెక్కే. బరాఫు 4,670 దగ్గర ఉంటుంది, స్వాహిలీలో బరాఫు అంటే మంచు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. అక్కడ్నించి 1,200 మీటర్లు చీకట్లో ఎక్కాలి, మైనస్ 10, ఒక్కోసారి మైనస్ 20 కూడా. తర్వాత అదే రోజు 2,800 మీటర్లు దిగాలి. మోకాళ్ళు పోయేది ఎక్కేటప్పుడు కాదు, ఈ దిగేటప్పుడు.

ఇంకొకటి, మీ ఆపరేటర్ వెస్టర్న్ బ్రీచ్ మీదుగా అయితే ఇంకా థ్రిల్ అన్నాడని రాశావు. వద్దు. ఈ ఒక్క విషయంలో నేను రెండో మాట వినను. బరాంకో నుంచి యారో (Arrow) గ్లేసియర్ మీదుగా నేరుగా క్రేటర్‌లోకి, అంటే అగ్నిపర్వతం నోట్లోకి, ఎక్కే దారి అది, పైన రాళ్ళని పట్టి ఉంచేది ఐస్, అది కరుగుతుంటే రాళ్ళు ఊడతాయి. 2006 జనవరిలో రాళ్ళు పడి ముగ్గురు అమెరికన్లు చనిపోయారు, దాని తర్వాత ఆ దారి మూసేసి 2007లో మళ్ళీ తెరిచారు. పైగా అటు ఎక్కాక మధ్యలో ఒంట్లో బాగోకపోతే దిగడం చాలా కష్టం. కేదార్‌కంఠ తర్వాత అడుగు అది కాదు.

ట్రైనింగ్ గురించి. హాఫ్ మారథాన్ మంచిదే, గుండెకి మంచిది, కానీ పరిగెత్తే వాళ్ళతో వచ్చే సమస్య ఏంటంటే వాళ్ళు వేగంగా ఎక్కుతారు. కొండ మీద గైడ్లు రోజంతా "పోలే పోలే" అంటుంటారు, మెల్లగా మెల్లగా అని, అది ఊరికే అనే మాట కాదు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే నీ వేగం, ఊపిరి ఆడక మాట తెగిపోతోందంటే ఎక్కువైనట్టే. కేబీఆర్ పార్క్ చుట్టూ నడవడం దీనికి సరిపోదు. మీ గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ మెట్లే పనికొస్తాయి. పది అంతస్తులంటే దాదాపు 30 మీటర్లు, ఇరవై సార్లు ఎక్కితే 600 మీటర్లు. మొదట ఖాళీగా మొదలుపెట్టు, నెల తర్వాత బ్యాగ్‌లో రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు నాలుగు పెట్టుకో, అంటే 8 కిలోలు. దిగేటప్పుడు లిఫ్ట్ ఎక్కకు, చాలామంది చేసే తప్పు ఇదే, నీ మోకాళ్ళకి ట్రైనింగ్ ఆ దిగడంలోనే ఉంది. వాచ్‌మన్ విచిత్రంగా చూస్తాడు, రెండు వారాలకి అలవాటైపోతుంది.

ఆదివారం పొద్దున్నే భువనగిరి వెళ్ళు, గంటన్నర కూడా పట్టదు. ఆ ఏకశిల మీద కోటకి ఎక్కే దారి కింద నుంచి పైకి దాదాపు 500 అడుగులు, నాలుగు సార్లు ఎక్కి దిగితే ఉంబ్వే మొదటి రోజులో సగం చేసినట్టు. రాయి మీద అడుగు నమ్మి వేయడం కూడా అక్కడే అలవాటవుతుంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది కూడా ఆ రాతి మీదే. మీ తమ్ముణ్ణి తప్పకుండా తీసుకెళ్ళు, చేతులు వాడి ఎక్కడం వాడికి పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు, ఆ రాయి పెనంలా కాలుతుంది. ఇవన్నీ కనీసం మూడు నెలలు చేయాలి. ఇవన్నీ చేసినా ఎత్తుకి అలవాటు పడటం మాత్రం ఇక్కడ రాదు, అది కొండ మీదే రావాలి, అందుకే మళ్ళీ మళ్ళీ రోజుల గురించే చెప్తున్నా.

డయామాక్స్, అంటే ఎత్తు వల్ల జబ్బు చేయకుండా ముందే వేసుకునే మాత్ర, దాని గురించి అందరూ అడుగుతారు. చాలామంది డాక్టర్లు 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడని వాళ్ళు డాక్టర్‌కి ఆ మాట కచ్చితంగా చెప్పాలి. ఇక్కడే ఒకటి రెండు రోజులు వేసుకుని చూడు, వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్ళాలి, అది మామూలే. కానీ మందు వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించుకోకూడదు. ముఖ్యంగా ఇవి గుర్తుపెట్టుకో: తలనొప్పి ఉంటే ఇంకా పైకెక్కి పడుకోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే, నడక తూలితే తెల్లారే దాకా ఆగొద్దు, అప్పుడే దిగాలి. నీ గురించి నీకు తెలియదు, నాకూ తెలియలేదు, అందుకే మీరిద్దరూ రోజూ సాయంత్రం ఒకరినొకరు గీత మీద నడిపించుకోండి. ఇద్దరిలో ఒకరు దిగాల్సి వస్తే రెండోవాడు ఎక్కొచ్చా, ఇద్దరూ దిగాలా అనేది ఇక్కడే, ఇంట్లోనే మాట్లాడుకోండి, అక్కడ ఆ ఎత్తులో బుర్ర సరిగ్గా పనిచేయదు. ఒకరు దిగితే ఇంకొకరితో ఉండటానికి రెండో గైడ్ ఉండాలి, ఇది ఆపరేటర్‌ని ముందే అడగాలి.

ఆపరేటర్ రేటు ఎందుకు తక్కువ చెప్పాడో కూడా ఆలోచించు. నేను వెళ్ళినప్పుడు పార్క్ ఫీజే మనిషికి రోజుకి 70 డాలర్లు, క్యాంపింగ్ రాత్రికి 50, రెస్క్యూ ఫీజు ట్రిప్‌కి 20, వీటి మీద 18 శాతం వ్యాట్. అంటే ఒక రోజు తగ్గిస్తే అతనికి ఎంత మిగులుతుందో చూడు, ఆ రోజు నీ శరీరానికి అవసరమైన రోజు. అక్కడికీ మిగలకపోతే కోత పడేది పోర్టర్ల జీతంలో, తిండిలో. ఉంబ్వే గట్టు మీద మనం చిన్న బ్యాగ్‌తో చేతులు కాళ్ళు వాడి ఎక్కుతుంటే వాళ్ళు నెత్తి మీద టెంట్లు పెట్టుకుని అదే వేళ్ళ మీద ఎక్కుతారు. ఒక్కో పోర్టర్ ఎంత బరువు మోస్తాడు, రోజుకి మూడు పూటలా తింటారా, ఏ టెంట్‌లో పడుకుంటారు, జీతం ఎంత, ఈ నాలుగు అడుగు. సూటిగా చెప్పని వాడితో వెళ్ళకు. ఆక్సిమీటర్, ఎమర్జెన్సీ ఆక్సిజన్ సిలిండర్ ఉన్నాయా అనేది కూడా.

చిన్న చిన్నవి కొన్ని. జనవరి మంచి సీజనే, మార్చి చివరి నుంచి మే దాకా, నవంబర్‌లో వానలు, ఉంబ్వేకి ఆ నెలల్లో అసలు వెళ్ళొద్దు. గేట్ నుంచి మూడు లీటర్ల నీళ్ళు మోసుకో, గట్టు మీద నీళ్ళు దొరుకుతాయని నమ్ముకోకు. బరాఫులో కూడా నీళ్ళు ఉండవు, కరంగా లోయ నుంచి పోర్టర్లు మోసుకురావాలి, అందుకని అక్కడ నీళ్ళు పారబోయకు. బూట్లు కొత్తవి వేసుకోవద్దు, కనీసం వంద కిలోమీటర్లు నడిచిన బూట్లు ఉండాలి. పైన ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు వాళ్ళు పెట్టే సూపూ పాస్తా గొంతు దిగవు, నాకు కరంగాలో ముద్ద దిగింది మా అమ్మ కట్టిచ్చిన కందిపొడి వల్లే. కందిపొడి, చిన్న డబ్బాలో ఆవకాయ, పల్లీ చిక్కీ తీసుకెళ్ళు. ఆవకాయ మూత గట్టిగా బిగించి రెండు కవర్లలో చుట్టు, పీడనం తగ్గేకొద్దీ నూనె బయటకి తంతుంది.

భువనగిరి తర్వాత కూడా మీ తమ్ముడికి ధైర్యం చాలకపోతే, నీకు జనమే అసలు సమస్య అయితే, ఉత్తరం వైపు కెన్యా సరిహద్దు దగ్గర మొదలయ్యే రోంగాయ్ రూట్ చూడు. ఏటవాలు తక్కువ, జనం తక్కువ, వాన కూడా తక్కువ. మంచి దారి. ఉంబ్వే అడవి మాత్రం అక్కడ ఉండదు.

ఇక లీవ్. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కి దోహా మీదుగా కిలిమంజారో ఎయిర్‌పోర్ట్, ఆదివారం మోషి ఊర్లో పడుకుని సామాన్లు చూసుకోవడం, సోమవారం నుంచి మళ్ళీ ఆదివారం దాకా కొండ మీద ఏడు రోజులు, సోమవారం తిరుగు ప్రయాణం, మంగళవారం ఆఫీస్. అంటే నీ తొమ్మిది రోజులకి ఇంకొక్క సోమవారం కావాలి. మీ మేనేజర్‌ని ఇప్పుడే అడుగు, జనవరికి ఇంకా టైమ్ ఉంది. ఇస్తే ఉంబ్వే బుక్ చెయ్, ఇవ్వకపోతే ఈ ఏడాది ఆగు, ఇచ్చిన ఏడాది వెళ్ళు.